జాన్ కిప్లింగ్

జాన్ కిప్లింగ్ (1897 ఆగష్టు 17 - 1915 సెప్టెంబరు 27) మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లంతైన బ్రిటిషు సైనికాధికారి. ఇతడు ప్రసిద్ధ ఆంగ్ల రచయిత, నోబెల్ బహుమతి గ్రహీత రుడ్యార్డ్ కిప్లింగ్ ఏకైక కుమారుడు. ఫ్రాన్సు దేశంలో జరిగిన లూస్ యుద్ధంలో, పద్దెనిమిదేళ్ళు నిండిన ఆరు వారాలకే, ఐరిష్ గార్డ్స్ అనే పటాలానికి చెందిన చిన్న అధికారిగా శత్రువుల కాల్పులకు గురై కనిపించకుండా పోయాడు. తల్లిదండ్రులు ఎంత వెదకినా వారి జీవితకాలంలో ఇతని దేహం లభించలేదు. 77 సంవత్సరాల తరువాత, 1992లో, పేరు తెలియని ఒక అధికారి సమాధిని ఇతనిదిగా గుర్తించారు. ఆ గుర్తింపుపై వివాదం చాలాకాలం కొనసాగింది.

ఈ యువకుడు సైన్యంలో ఉన్నది పదమూడు నెలలు. యుద్ధరంగంలో పోరాడినది ఒక్క రోజు. అయినప్పటికీ యుద్ధంలో గల్లంతైన లక్షలాది సైనికులకు, వారి కుటుంబాల వేదనకు ఇతని కథ ఒక ప్రతీకగా నిలిచింది.

కుటుంబము, బాల్యము

జాన్ ఇంగ్లాండులోని ససెక్స్ ప్రాంతంలో, సముద్రతీర గ్రామమైన రాటింగ్‌డీన్‌లో జన్మించాడు. తండ్రి రుడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో జన్మించి, యవ్వనంలో లాహోరు, అలహాబాదులలో పత్రికా రచయితగా పనిచేశాడు. మౌగ్లీ కథలున్న "జంగిల్ బుక్" ద్వారా మన విద్యార్థులకు ఆయన పేరు సుపరిచితం. తల్లి కెరొలిన్ అమెరికా దేశస్థురాలు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో శిల్పకళ బోధించిన తాతగారు జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్ పేరునే మనుమడికి పెట్టారు.

రుడ్యార్డ్ దంపతులకు ముగ్గురు సంతానం. పెద్ద కుమార్తె జోసఫీన్ 1899లో, ఆరేళ్ళ వయసులో, న్యూయార్కులో న్యుమోనియా వ్యాధితో మరణించింది. రెండవ కుమార్తె ఎల్సీ 1896లో జన్మించింది. జాన్ కడపటివాడు. పెద్ద కుమార్తెను పోగొట్టుకున్న తరువాత తల్లిదండ్రులు మిగిలిన ఇద్దరు పిల్లలను ఎంతో మమకారంతో పెంచారు. 1902లో ఈ కుటుంబం బర్వాష్ గ్రామంలోని "బేట్‌మాన్స్" అనే పాతకాలపు భవనానికి మారింది. ఎక్కడికి ప్రయాణమైనా తండ్రి పిల్లలకు హాస్యంతో, చిన్న చిన్న బొమ్మలతో నిండిన ఉత్తరాలు వ్రాసేవాడు. ఆ ఉత్తరాలు 1983లో పుస్తకరూపంలో వెలువడ్డాయి.

జాన్ వెల్లింగ్టన్ కళాశాలలో చదువుకున్నాడు. చదువులో సామాన్యుడే. కుమారుని నౌకాదళంలో చేర్చవలెనని తండ్రి కోరిక. అయితే జాన్‌కు తండ్రివలెనే హ్రస్వదృష్టి ఉండేది. కళ్ళద్దాలు లేకుండా దూరంలోని వస్తువులను పోల్చుకొనలేకపోయేవాడు. ఈ కారణంగా నౌకాదళపు ఆలోచన విరమించుకొని, సైన్యంలో ప్రవేశానికి సిద్ధం కావలసి వచ్చింది.

సైన్యంలో చేరిక

1914 ఆగష్టు 4న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. జర్మనీ వల్ల ప్రమాదం రానున్నదని, దేశ యువకులందరూ సైనిక శిక్షణ పొందవలెనని రుడ్యార్డ్ కిప్లింగ్ అంతకు ముందు అనేక సంవత్సరాలుగా వ్రాస్తూ, ఉపన్యసిస్తూ వచ్చాడు. యుద్ధం ఆరంభమైనపుడు ఆయన కుమారునికి పదిహేడు సంవత్సరాలు నిండడానికి ఇంకా రెండు వారాలు తక్కువ. జాన్ వెంటనే సైన్యంలో చేరడానికి ప్రయత్నించాడు. వైద్య పరీక్షలో కంటిచూపు చాలదని తిరస్కరించారు.

అప్పుడు తండ్రి తన పాత మిత్రుడు, ఫీల్డ్ మార్షల్ లార్డ్ రాబర్ట్స్‌ను ఆశ్రయించాడు. రాబర్ట్స్ కాన్పూరులో జన్మించినవాడు. మద్రాసు సైన్యానికి, ఆ తరువాత యావత్ భారత సైన్యానికి సర్వసేనానిగా పనిచేసినవాడు. రుడ్యార్డ్‌కు ఆయనతో పరిచయం భారతదేశంలో ఉన్ననాటిది. 1914 నాటికి ఆయన ఐరిష్ గార్డ్స్ రెజిమెంటుకు గౌరవ కర్నల్. ఆయన సిఫారసుతో 1914 ఆగష్టు మధ్యలో జాన్‌కు ఆ రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంటు హోదా లభించింది. సిఫారసు చేసిన రాబర్ట్స్ అదే సంవత్సరం నవంబరులో, ఫ్రాన్సులోని భారతీయ సైనికులను చూడడానికి వెళ్ళి, జ్వరం సోకి అక్కడే మరణించాడు.

ఒక సంవత్సరం పాటు జాన్ ఎసెక్స్ ప్రాంతంలోని వార్లే సైనిక స్థావరంలో శిక్షణ పొందాడు. మోటారు వాహనాలన్నా, లండన్ నగరపు వినోదాలన్నా ఇష్టపడే ఈ కుర్రవాడు క్రమంగా బాధ్యత గల అధికారిగా పేరు తెచ్చుకున్నాడు. 1915 ఆగష్టులో, పద్దెనిమిదవ పుట్టినరోజు సమయానికి, ఐరిష్ గార్డ్స్ రెండవ బెటాలియన్‌తో కలిసి ఫ్రాన్సు చేరాడు. అంత చిన్న వయసులో యుద్ధరంగానికి పంపడానికి తండ్రి అంగీకారం తెలిపాడు.

ఫ్రాన్సు నుండి జాన్ ఇంటికి తరచుగా ఉత్తరాలు వ్రాసేవాడు. వాటిలో వర్షం, బురద, ఆహారం, కావలసిన వస్తువుల జాబితాలు ఉండేవి. ఒక ఉత్తరంలో తన గుర్తింపు బిళ్ళ పోయిందని, మరొకటి చేయించి పంపమని కోరాడు. సైనికుడు మరణించినపుడు దేహం ఎవరిదో తెలుసుకొనడానికి మెడలో ధరించే బిళ్ళ అది. తరువాత జరిగినదానిని బట్టి చూస్తే ఈ చిన్న కోరికకు ఎంతో ప్రాముఖ్యం ఏర్పడింది. అతని చివరి ఉత్తరం 1915 సెప్టెంబరు 25 నాటిది.

లూస్ యుద్ధము

లూస్ ఉత్తర ఫ్రాన్సులోని బొగ్గుగనుల ప్రాంతం. చుట్టూ చదునైన నేల, అక్కడక్కడ గనుల బావులు, బొగ్గు తవ్విన మట్టిదిబ్బలు. 1915 సెప్టెంబరు 25న బ్రిటిషు సైన్యం ఇక్కడ జర్మన్ల కందకాలపై పెద్ద దాడి ప్రారంభించింది. బ్రిటిషువారు మొట్టమొదటిసారిగా విషవాయువు (క్లోరిన్) ప్రయోగించినది ఈ యుద్ధంలోనే. కొన్నిచోట్ల గాలి ఎదురు తిరగడం వలన ఆ వాయువు వారి సైనికులనే బాధించింది. ఫిరంగి గుండ్లు తగినన్ని లేనందువలన జర్మన్ల ముళ్ళకంచెలు చాలాచోట్ల చెక్కుచెదరలేదు.

మొదటి రోజున లూస్ గ్రామం బ్రిటిషువారి వశమైంది. కాని సహాయక దళాలు సకాలంలో చేరలేదు. రెండవ రోజున యుద్ధానుభవం లేని రెండు కొత్త డివిజన్లను ముందుకు పంపగా అవి మరతుపాకుల ధాటికి భారీగా నష్టపోయి వెనుదిరిగాయి. మూడవ రోజు, అనగా సెప్టెంబరు 27న, కొత్తగా ఏర్పడిన గార్డ్స్ డివిజన్‌ను రంగంలోకి దింపారు. జాన్ కిప్లింగ్ ఉన్న బెటాలియన్ అందులోనిది. ఆ బెటాలియన్‌కు అది మొదటి యుద్ధం.

ఐరిష్ గార్డ్స్‌కు అప్పగించిన లక్ష్యం సుద్దరాతి గని పక్కనున్న చిన్న తోపు. ఆ తోపును "చాక్ పిట్ వుడ్" అని వ్యవహరిస్తారు. సాయంకాలం సుమారు నాలుగు గంటలకు బయలుదేరిన సైనికులు పెద్ద నష్టం లేకుండానే తోపును చేరుకున్నారు. ఆ తరువాత స్కాట్స్ గార్డ్స్ దళం "పుయి 14 బిస్" అనే బొగ్గుగని భవనాల వైపు దాడి సాగించింది. ఐరిష్ గార్డ్స్‌లో కొందరు వారితో కలిసి ముందుకు సాగారు. జాన్ వారిలో ఉన్నాడు. గని భవనాల నుండి, పక్కనున్న అడవి నుండి జర్మన్ మరతుపాకులు ఒక్కసారిగా కాల్పులు ప్రారంభించాయి. బ్రతికినవారు తోపు దాటి వెనుకకు వచ్చారు. జాన్ రాలేదు. ఆ నేల తిరిగి జర్మన్ల ఆధీనంలోకి పోయినందున, పడిపోయినవారిని వెదకడానికి గాని, తీసుకువచ్చి ఖననం చేయడానికి గాని అవకాశం లేకపోయింది.

లూస్ యుద్ధంలో బ్రిటిషు పక్షాన మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి 50,000 మందికి పైగా ఉన్నారు. వారు సాధించిన భూభాగం మాత్రం అత్యల్పం.

"గల్లంతు" అనగా ఏమి?

సైనిక పరిభాషలో గల్లంతు అనే మాటకు మరణం అని అర్థం కాదు. యుద్ధం ముగిసి హాజరు తీసుకొన్నపుడు సైనికుడు లేడు, అతడు మరణించినట్లు చెప్పే ప్రత్యక్ష సాక్ష్యమూ లేదు, దేహమూ లేదు. అటువంటి వానిని గల్లంతైనవానిగా నమోదు చేస్తారు. అతడు శత్రువులకు బందీగా చిక్కి ఉండవచ్చు. గాయపడి ఏ ఆసుపత్రిలోనో స్పృహ లేకుండా ఉండవచ్చు. లేదా ఫిరంగి గుండు తాకిడికి ఆనవాలు లేకుండా పోయి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో తెలియని కుటుంబం ఆశను వదులుకొనలేదు, దుఃఖించనూ లేదు. బందీల జాబితాలు తటస్థ దేశాల ద్వారా, రెడ్ క్రాస్ సంస్థ ద్వారా అందేవి. వాటిలో పేరు లేదని తెలిసి నెలలు గడిచిన తరువాత మాత్రమే ప్రభుత్వం మరణించినట్లుగా భావించేది.

అన్వేషణ

1915 అక్టోబరు 2న బేట్‌మాన్స్ భవనానికి యుద్ధ కార్యాలయం నుండి తంతి అందింది. జాన్ గాయపడి గల్లంతైనట్లు అందులో ఉన్నది. "గాయపడి" అన్న మాట తల్లిదండ్రులకు ఆశ కల్పించింది.

రుడ్యార్డ్ దంపతులు గాయపడిన ఐరిష్ గార్డ్స్ సైనికులున్న ఆసుపత్రులకు స్వయంగా వెళ్ళి ఒక్కొక్కరినీ విచారించారు. రెడ్ క్రాస్ ద్వారా, తటస్థ దేశాల ప్రముఖుల ద్వారా జర్మనీలో వాకబు చేయించారు. ప్రపంచప్రసిద్ధ రచయిత కుమారుని ఆచూకీ తెలుపమని కోరుతూ జర్మన్ భాషలో ముద్రించిన కరపత్రాలను బ్రిటిషు విమానాలు శత్రువుల కందకాలపై వెదజల్లాయి. సామాన్య సైనికుని తల్లిదండ్రులకు ఇటువంటి సాధనాలేవీ అందుబాటులో లేవు. ఇన్ని సాధనాలున్నా ఈ తల్లిదండ్రులకు లభించిన సమాచారం సామాన్యులకు లభించిన దానికన్న ఎక్కువేమీ కాదు.

సైనికులు చెప్పిన మాటలు ఒకదానికొకటి పొసగలేదు. రుడ్యార్డ్ మిత్రుడు, నవలా రచయిత రైడర్ హాగ్గార్డ్ కూడా ఈ విచారణలో సాయపడ్డాడు. తోపు నుండి వస్తున్న ఒక అధికారిని చూశానని, ఫిరంగి గుండు వలన అతని నోరు ఛిద్రమైనదని, బాధతో ఏడుస్తూ కట్టు కట్టుకొనడానికి ప్రయత్నిస్తున్నాడని, అతడు కిప్లింగే అని ఒక సైనికుడు చెప్పాడు. హాగ్గార్డ్ ఈ విషయాన్ని తన దినచర్యలో వ్రాసుకున్నాడు గాని తండ్రికి చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు.

క్రమంగా ఆశలు సన్నగిల్లాయి. యుద్ధం ముగిసి బందీలందరూ తిరిగి వచ్చినా జాన్ రాలేదు. తల్లిదండ్రులు కుమారుని మరణాన్ని అంగీకరించవలసి వచ్చింది.

తండ్రిపై ప్రభావము

కంటిచూపు లోపం వలన జాన్ యుద్ధానికి వెళ్ళకుండా ఉండే అవకాశం ఉన్నది. తండ్రి పలుకుబడి ఆ అవకాశాన్ని తొలగించింది. అందువలన రుడ్యార్డ్‌ను అపరాధ భావన జీవితాంతం వెంటాడిందని కొందరు జీవిత చరిత్రకారులు అభిప్రాయపడ్డారు. 1919లో ఆయన ప్రచురించిన "ఎపిటాఫ్స్ ఆఫ్ ద వార్" అనే సమాధి పద్యాలలో, తండ్రుల అబద్ధాల వలన కుమారులు మరణించారన్న భావం గల ద్విపదను వారు ఇందుకు నిదర్శనంగా చూపుతారు. యుద్ధానికి దేశాన్ని సిద్ధం చేయని రాజకీయ నాయకులను నిందించిన పద్యం అది అని మరికొందరి వాదన. జాన్ కూడా తన ఈడు యువకులందరి వలెనే యుద్ధానికి వెళ్ళాలని కోరుకున్నాడని, తండ్రి ఆ కోరికను నెరవేర్చాడని కూడా గుర్తుంచుకోవాలి.

రుడ్యార్డ్ తన దుఃఖాన్ని బహిరంగంగా ప్రకటించినవాడు కాదు. రెండు పనులలో దానిని మరల్చాడు.

మొదటిది, కుమారుని రెజిమెంటు చరిత్ర. కొన్ని సంవత్సరాలు శ్రమించి, దినచర్య పుస్తకాలు పరిశీలించి, బ్రతికి వచ్చిన సైనికులను పిలిపించి మాట్లాడి వ్రాసిన "ది ఐరిష్ గార్డ్స్ ఇన్ ద గ్రేట్ వార్" 1923లో రెండు సంపుటాలుగా వెలువడింది. ఈ గ్రంథంలో జాన్ పేరు ఇతర అధికారుల పేర్లతో పాటు క్లుప్తంగా మాత్రమే కనిపిస్తుంది. అతడు తన కుమారుడని రచయిత ఎక్కడా చెప్పుకోలేదు.

రెండవది, 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ (సామ్రాజ్య యుద్ధ సమాధుల సంఘం) సభ్యత్వం. స్మారక చిహ్నాలపై చెక్కిన అనేక శాసన వాక్యాలను ఆయనే ఎంపిక చేశాడు, లేదా వ్రాశాడు. పేరు తెలియని సైనికుని సమాధిపై, ఇతడెవరో దేవునికి తెలుసునన్న అర్థంలో చెక్కే మాట ఆయన సూచించినదే. అధికారికీ, సిపాయికీ ఒకే రకమైన సమాధి రాయి ఉండాలన్నది ఈ సంఘం నియమం. 1920లో బ్రిటిషు పార్లమెంటులో దీనిపై చర్చ జరిగినపుడు రుడ్యార్డ్ పంపిన అభిప్రాయాన్ని ఒక సభ్యుడు చదివి వినిపించాడు. తెలిసిన చోట, పేరు చెక్కిన రాయి ఉన్నవారు ఎంత అదృష్టవంతులో ఆక్షేపించేవారు గ్రహించాలన్నది దాని సారాంశం.

1936 జనవరి 18న రుడ్యార్డ్ మరణించాడు. ఆయన చితాభస్మాన్ని వెస్ట్‌మినిస్టర్ అబేలో ఉంచారు. 1920లో పేరు తెలియని సైనికుని దేహాన్ని సకల లాంఛనాలతో ఖననం చేసినదీ ఆ ఆలయంలోనే. తల్లి కెరొలిన్ 1939లో మరణించింది. ఎల్సీకి సంతానం లేనందున 1976లో ఆమె మరణంతో రుడ్యార్డ్ వంశం అంతరించింది.

సమాధి గుర్తింపు, వివాదము

యుద్ధానంతరం లూస్ ప్రాంతంలో దేహాల కోసం గాలింపు జరిగింది. 1919 సెప్టెంబరులో ఐరిష్ గార్డ్స్‌కు చెందిన ఒక లెఫ్టినెంటు దేహం లభించింది. దుస్తులపై గుర్తుల వలన రెజిమెంటు, హోదా తెలిశాయి గాని పేరు తెలియలేదు. ఆ దేహాన్ని హెయిన్ గ్రామ సమీపంలోని సెయింట్ మేరీస్ ఎ.డి.ఎస్. శ్మశానంలో పేరు లేకుండా ఖననం చేశారు. జాన్ పేరు గల్లంతైనవారి స్మారకమైన లూస్ మెమోరియల్‌పై చెక్కారు. అక్కడ అటువంటి పేర్లు 20,000కు పైగా ఉన్నాయి.

1992లో సమాధుల సంఘం తన పత్రాలను తిరిగి పరిశీలించి, ఆ సమాధి జాన్‌దేనని నిర్ణయించి, రాయిపై అతని పేరు చెక్కించింది. దేహం దొరికిన చోటును సూచించే పటం గుర్తులో ఒక అక్షరం పొరపాటున మారిందని, సరిచేసి చూస్తే అది చాక్ పిట్ వుడ్ సమీప ప్రాంతమే అవుతుందని సంఘం వాదన. ఆ ప్రాంతంలో గల్లంతైన ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంటు జాన్ ఒక్కడే అని వారు పేర్కొన్నారు.

1998లో టోనీ హోల్ట్, వాల్మై హోల్ట్ దంపతులు తమ పుస్తకంలో ఈ నిర్ణయాన్ని ప్రశ్నించారు. జాన్ మరణించేనాటికి సెకండ్ లెఫ్టినెంటు మాత్రమేనని, అతని భుజంపై లెఫ్టినెంటు గుర్తు ఉండే అవకాశం లేదని వారి ప్రధాన ఆక్షేపణ. ఆ దేహం లండన్ ఐరిష్ రైఫిల్స్ దళానికి చెందిన మరొక అధికారిది కావచ్చునని కూడా వారు సూచించారు. జాన్‌కు లెఫ్టినెంటుగా పదోన్నతి లభించినట్లు ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన వెలువడినది 1915 నవంబరులో. అయితే ఆ పదోన్నతి జూన్ 7వ తేదీ నుండి వర్తిస్తుందని అందులో ఉన్నది.

2016లో గ్రాహం పార్కర్, జొవానా లెగ్ అనే పరిశోధకులు పటాలను, దేహాల గాలింపు పత్రాలను, పదోన్నతి వివరాలను సమగ్రంగా పరిశీలించి, 1992 నాటి గుర్తింపు సరైనదేనని ప్రకటించారు. ఆ తరువాత ఈ అభిప్రాయానికే ఎక్కువ ఆమోదం లభించింది.

సాహిత్యంలోను, తెరపైన

1916లో రుడ్యార్డ్ వ్రాసిన "మై బాయ్ జాక్" అనే పద్యాన్ని చాలామంది జాన్‌పై వ్రాసినదిగా భావిస్తారు. అది జట్లాండ్ నౌకాయుద్ధంపై ఆయన వ్రాసిన వ్యాసాలతో పాటు వెలువడింది. అందులోని జాక్ ఒక నావికుడు. ఇంట్లో జాన్‌ను జాక్ అని పిలిచేవారు కాదు. అయినా కుమారుని వార్త కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల వేదన అందులో ఉన్నది గనుక ఈ అన్వయం సహజమే.

ఈ పద్యం పేరుతోనే డేవిడ్ హేగ్ వ్రాసిన నాటకం 1997లో ప్రదర్శితమైంది. దాని ఆధారంగా 2007లో టెలివిజన్ చిత్రం వచ్చింది. అందులో డేవిడ్ హేగ్ రుడ్యార్డ్‌గాను, హ్యారీ పాటర్ చిత్రాల కథానాయకుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ జాన్‌గాను నటించారు.

విశేషాలు

* లూస్ దాడి మొదలైన రోజునే, దానికి ఉత్తరాన, జర్మన్ల దృష్టి మరల్చడానికి భారతీయ సైనిక దళాలు కూడా దాడి చేసి భారీగా నష్టపోయాయి. ఆ దాడిలో చూపిన సాహసానికి గూర్ఖా సైనికుడు కుల్‌బీర్ థాపాకు విక్టోరియా క్రాస్ లభించింది.
* పశ్చిమ రంగంలో మరణించి, సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు న్యూవ్ షపెల్ స్మారకంపై ఉన్నాయి. దానిని 1927లో ఆవిష్కరించారు. వీరి కోసం కరపత్రాలు వెదజల్లిన విమానాలు లేవు.
* ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరు 1960లో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా మారింది.
* జాన్ పెరిగిన బేట్‌మాన్స్ భవనం తల్లి మరణానంతరం నేషనల్ ట్రస్ట్ సంస్థకు చెందింది. దానిని సందర్శకులు చూడవచ్చు.